రాయవేలూరు కోటలో ఒక పూట

మన ప్రాంతం నుంచి వేలూరు వెళ్ళేవారిలో చాలామందికి తెలిసింది అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి, దాని చుట్టూ ఉన్న లాడ్జీలు, తెలుగు బోర్డులు పెట్టిన భోజన హోటళ్ళు మాత్రమే. నేనూ బంధువుల వెంట ఆసుపత్రి పని మీదే వెళ్ళాను. పరీక్షల ఫలితాలు సాయంత్రానికి గాని రావని చెప్పడంతో, నడిచిపోయేంత దూరంలోనే ఉన్న కోటకు బయలుదేరాను.

16వ శతాబ్దంలో విజయనగర సామంతుల ఏలుబడిలో కట్టిన ఈ కోట గండికోటలా, జింజిలా ప్రకృతి సగం కట్టిపెట్టిన దుర్గం కాదు. చదును నేల మీద నల్లరాతి గోడలను రెండు వరుసలుగా లేపి, చుట్టూ వెడల్పైన కందకం తవ్వారు. అందులో ఇప్పటికీ నీళ్ళున్నాయి.

లోపల ముందుగా జలకంఠేశ్వరాలయానికి వెళ్ళాను. గోపురం దాటగానే ఎడమవైపున కల్యాణమండపం ఉంది. ముందుకాళ్ళు పైకెత్తిన గుర్రాలు, సింహాన్ని పోలిన కాల్పనిక మృగాలైన యాళులు, వాటి మీద రౌతులు, డెక్కల కింద నలిగే మనుషులు, అంతా ఒక్కో రాతిలోనే మలిచారు. తలెత్తి చూస్తే పైకప్పు నడుమ విచ్చుకున్న పద్మం, దాని చుట్టూ చిలుకలు కనిపిస్తాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఇంత గుడీ చాలాకాలం ఆయుధాగారంగా ఉండి, పూజలు లేక పడి ఉంది. చెట్టులేని కొండ, నీళ్ళులేని ఏరు, రాజులేని కోట, దేవుడులేని గుడి అని వేలూరును ఎగతాళి చేసే సామెత ఒకటి తమిళంలో ఉంది. 1981లో సత్తువాచ్చేరి నుంచి లింగాన్ని తెచ్చి ప్రతిష్ఠించడంతో అందులో చివరి మాట చెల్లకుండా పోయింది.

నాకు మాత్రం ఈ కోట శత్రువులను ఆపినదానికంటే రాజకుటుంబాలను బంధించి ఉంచినదిగానే ఎక్కువ గుర్తుండిపోయింది. 1614లో విజయనగర చక్రవర్తి వేంకటపతిరాయలు మరణించాక, సింహాసనమెక్కిన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయడు కుటుంబంతో సహా ఇక్కడే నిర్బంధించి, చివరకు అందరినీ చంపించాడు. అంతకుముందే వెలుగోటి యాచమనాయకుడు ఒక రజకుని సాయంతో బట్టల మూటలో దాచి బయటికి తెప్పించిన శ్రీరంగరాయల కుమారుడు రామదేవుడొక్కడే మిగిలాడు. తెలుగు నాయకులను రెండుగా చీల్చి తోపూరు యుద్ధం దాకా నడిపించిన ఈ కథ గురించి కోటలో ఒక్క ఫలకమైనా నా కంటబడలేదు.

శ్రీరంగపట్నం పతనమయ్యాక టిప్పు సుల్తాను కుటుంబాన్ని తెచ్చి ఉంచినదీ ఈ గోడల మధ్యనే. వారున్న మహళ్ళను బయటి నుంచే చూశాను. నొసటి బొట్టు, గడ్డం వద్దని, తోలు తురాయి గల కొత్త తలపాగా పెట్టుకోవాలని కంపెనీ సైన్యంలో వచ్చిన ఉత్తర్వులకు రగిలిన సిపాయీలు, టిప్పు కుమార్తె పెళ్ళి జరిగిన మర్నాడే, 1806 జులై 10న తెల్లవారకముందే తిరగబడి, కోటపై మైసూరు జెండా ఎగురవేశారు. అయితే ఆర్కాటు నుంచి ఆంగ్లేయ సేనాని గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చిపడడంతో ఆ పూటకే అంతా ముగిసింది. పట్టుబడ్డ సిపాయీలను గోడకు నిలబెట్టి కాల్చారు. తరువాత మద్రాసు గవర్నరు బెంటింక్‌ను వెనక్కు పిలిపించారు, టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు. 1857కు అర్ధశతాబ్దం ముందే జరిగిన ఈ తిరుగుబాటు మన పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మహళ్ళు ఖాళీగా ఎంతోకాలం లేవు. సింహళంలోని కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఆంగ్లేయులు 1816లో ఇక్కడికి తెచ్చారు. మధుర నాయక వంశీకులతో సంబంధమున్న నాయక్కరు రాజులలో ఆయనే ఆఖరివాడు, 1832లో చెరలోనే చనిపోయాడు. ఆయన సమాధి మండపం కోటలో లేదు, పాలారు ఒడ్డున ఉంది. ఆటోవాడికి 'కండి రాజా' అంటే చాలు, తీసుకెళ్తాడు.