వ్లాద్ కోట చూడాలంటే బ్రాన్ కాదు, పొయెనారి

రొమేనియాలో ‘డ్రాకులా కోట’గా పేరుపడ్డ బ్రాన్‌కీ డ్రాకులా పేరుకు మూలమైన పాలకుడు వ్లాద్ త్సెపెష్‌కీ ఉన్న సంబంధం అంతంతమాత్రమే. 15వ శతాబ్దంలో ఆయన బాగుచేయించిన పొయెనారి కోట అర్జెష్ నది పైన, కొండ కొమ్ము మీద ఉంది. 1,480 మెట్లు. నీళ్లు కింది నుంచే మోసుకెళ్లాలి. పైన మిగిలినవి శిథిలాలే: 1888లో కొండచరియ విరిగి కోటలో కొంత భాగం లోయలోకి జారిపోయింది. ఎలుగుబంట్ల వల్లో మరమ్మతుల వల్లో దారి మూసేస్తుంటారు, బయల్దేరే ముందే కనుక్కోండి. సిబియు వైపు నుంచి వచ్చే ట్రాన్స్‌ఫగరాషాన్ ఘాట్ రోడ్డు పైభాగం మంచు వల్ల మామూలుగా జూలై నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది. మిగతా నెలల్లో కుర్తియా దె అర్జెష్ మీదుగా దక్షిణం నుంచే రావాలి. ఆయన రాజధాని తిర్గోవిష్తెలో 27 మీటర్ల కిందియా బురుజు వదలొద్దు. సిగిషోరా ఊళ్లో ఆయన పుట్టాడని చెప్పే ఇంటికన్నా దగ్గర్లోని గడియారపు బురుజే మేలు.