ముందు వెలుగు పట్టు

బడి పాత విద్యార్థులం కలుద్దామని మీరనగానే నాకు ముందు మన సైన్సు గదే గుర్తొచ్చింది. అక్కడ చెక్కపెట్టెలో ఒకే ఒక సంయుక్త సూక్ష్మదర్శిని (మైక్రోస్కోప్) ఉండేది. బయటికి తీసేటప్పుడు ఒక చెయ్యి వంపు తిరిగిన ఆర్మ్ మీద, రెండోది బరువైన పాదం కింద ఉండాలి. ఒంటిచేత్తో ఎత్తినవాళ్లకు ఆ రోజు చూసే వంతు రాదు.

వంతు రాగానే అందరం కన్ను పైనున్న కటకానికి, అంటే ఐపీస్‌కు ఆనించేవాళ్లం. మాస్టారు భుజం పట్టి వెనక్కి జరిపి, "పైన కాదురా, కింద మొదలుపెట్టు. ముందు వెలుగు పట్టు" అనేవారు.

కింద అద్దానికి ఒకవైపు సమతలం, మరోవైపు పుటాకారం. దాన్ని కిటికీలోంచి కనిపించే ఆకాశం వైపు తిప్పాలి. ఎండను నేరుగా పట్టకూడదు, కన్ను పోతుంది. చూసే వస్తువును ఉంచిన గాజుపలకే స్లైడు, దాన్ని పెట్టే బల్ల స్టేజి. అద్దం విసిరిన వెలుగును స్టేజి కింద ఉన్న కండెన్సర్ అనే కటకం ఆ స్లైడు మీద కూరుస్తుంది. దాని కింద ఐరిస్ డయాఫ్రం. వెలుగు వచ్చే దాని రంధ్రం మన కంటిపాపలాగే పెద్దదీ చిన్నదీ అవుతుంది.

దాని విలువ నాకు ఉల్లిపొరతో తెలిసింది. రంగు వెయ్యని పొర పెట్టి డయాఫ్రం పూర్తిగా తెరిస్తే అంతా తెల్లటి వెలుగే, పొర ఉందో లేదో తెలియలేదు. మాస్టారు మీటను కొంచెం మూశారు. అంతే, ఇటుకలు పేర్చినట్టు కణాలు వరసగా లేచి నిలబడ్డాయి! పెద్దగా చూపించేది కటకమే అయినా, కనిపించేలా చేసేది వెలుగని ఆ రోజే నమ్మాను.

పేపరు ముక్కలోంచి కత్తిరించిన 'క' అక్షరం తలకిందులుగా కనబడింది. స్లైడుకు దగ్గరగా ఉండే వస్తుకటకం గొట్టం లోపల తలకిందుల ప్రతిబింబం ఏర్పరిస్తే, ఐపీస్ భూతద్దంలా దాన్నే మళ్లీ పెద్దది చేస్తుంది. అందుకే స్లైడును ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోతుంది. 10 రెట్ల ఐపీస్, 40 రెట్ల వస్తుకటకం కలిస్తే 400 రెట్లు. ఆ 40 దగ్గరే ఫోకస్ కోసం పెద్ద మర తిప్పి, స్లైడు మీద కప్పే పలుచటి గాజు కవర్‌స్లిప్ పగలగొట్టాను. అక్కడ తిప్పాల్సింది చిన్న మరనే. మాస్టారు తిట్టలేదు. కటకానికి గీత పడలేదు కదా అని మాత్రం వెలుగుకు పట్టి చూసుకున్నారు.

మలేరియా దోమల వల్ల వస్తుందని తేల్చిన వైద్యుడు రోనాల్డ్ రాస్ గురించి విన్నదీ ఆ గదిలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూసిన రోజులు. ఒంటి చెమటకు ఆయన సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయట, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా బీటలు వారిందట. అలాంటి దానితోనే చూశాడాయన.

ఇప్పుడు నేను ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జ్వరం వచ్చినవాళ్ల రక్తపు పూతల్లో అదే పరాన్నజీవిని వెతకడం నా పని. 100 రెట్ల కటకానికీ స్లైడుకూ మధ్య ఒక చుక్క నూనె వేస్తాం. గాలిలోకి వంగి చెదిరిపోయే కిరణాలను, వక్రీభవనంలో గాజుతో సరితూగే ఆ నూనె కటకంలోకి చేరుస్తుంది. ఇక్కడ కండెన్సర్ పైకెత్తి, డయాఫ్రం బాగా తెరవాలి. రంగు వేసిన పూత కాబట్టి ఉల్లిపొరకు చేసినదానికి తిరగబడ్డ పని. మందపు పూతలో కనీసం 100 ఫీల్డులు (ఒకసారికి కటకంలో కనిపించే మేర ఒక ఫీల్డు) చూడకుండా "లేదు" అని రాయను. అద్దం పోయి బల్బు వచ్చింది గానీ, నా చెయ్యి ఇప్పటికీ ముందు స్టేజి కిందికే వెళ్తుంది.

ఆ చెక్కపెట్టె ఇంకా బడిలో ఉంటే, మనం కలిసే రోజున కిటికీ పక్క బల్ల మీద పెట్టించండి. ఉల్లిపాయ, బ్లేడు నేను తెస్తాను.