పార్థుడి మౌనం, మన తొందర

మార్గశిర శుద్ధ ఏకాదశి వస్తే చాలు, అమలాపురం నుంచి భీమవరం దాకా మన గీతా బృందాలు హాస్టళ్లకూ, కేసుల్లో చిక్కిన పిల్లల్ని ఉంచే బాలల హోములకూ బయల్దేరతాయి. పుస్తకాల కట్ట, పులిహోర గిన్నె, ఒక మైకు, గంటన్నర ఉపన్యాసం. వెనక వరుసలో పదహారేళ్ల కుర్రాడు గోడకి ఆనుకుని గోళ్లు గిల్లుకుంటూ ఉంటాడు. "అర్థమైందా నాన్నా?" అంటే "ఆయ్" అంటాడు. వీళ్లు ఎప్పుడు వెళ్తార్రా బాబూ అన్నదే ఆ "ఆయ్"లో ఉన్న భావం. గేటు దాటగానే మనవాళ్లు మొదలెడతారు: "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. వినని వాడికి చెప్పొద్దని భగవంతుడే అన్నాడు కదండీ." మళ్లీ ఏడాది దాకా ఆ గుమ్మం తొక్కరు.

పద్దెనిమిదో అధ్యాయంలోని "న చాశుశ్రూషవే వాచ్యం" ఇలా అడ్డం పెట్టుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. స్వామి ఆ మాట అన్నది అంతా చెప్పేశాక. మొదలుపెట్టేనాటికి వినే అర్జునుడు ఎలా ఉన్నాడో రెండో అధ్యాయంలో చూడండి. "న యోత్స్య ఇతి గోవిందముక్త్వా తూష్ణీం బభూవ హ." విల్లూ బాణాలూ పారేసి, రథంలో చతికిలబడి, చెయ్యనంటే చెయ్యనని నోరు మూసుకున్నాడు. "శిష్యస్తేఽహం", నీ శిష్యుణ్ని అని అంతకు ముందే శరణన్నాడు కదా అంటారా? అన్నాడు. రెండు శ్లోకాలు తిరక్కుండానే చెయ్యననీ అన్నాడు. అడుగుతూనే తలుపు వేసేసుకోవడం ఈ వయసు పిల్లల దగ్గర రోజూ చూసేదే.

ఆ మౌనానికి ముందు జరిగిందీ గమనించాలి. మొదటి అధ్యాయంలో "ఈ కౌరవుల్ని చూడు" అన్న ఒక్క మాట తప్ప స్వామి ఏమీ అనలేదు. దాదాపు ఇరవై శ్లోకాలు అర్జునుణ్నే మాట్లాడనిచ్చాడు. తరవాత "క్లైబ్యం మా స్మ గమః", పిరికితనానికి లొంగకు అని గట్టిగా అదిలించాడు. అదిలింపుకి ఏం వచ్చింది? ఎదురు వాదన, ఆ వెనకే మౌనం. స్వామి మాట వృథా పోయిందనడం అపచారం. సిగ్గుపరిస్తే ఎంతటివాడైనా ఏం చేస్తాడో మనకి చూపించాడనుకుంటాను. ఆ పైన నవ్వుమొహంతో మొదలుపెట్టాడు. మూడో అధ్యాయానికే "నన్ను తికమక పెడుతున్నావు" అని శిష్యుడు విసుక్కున్నా ఆపలేదు. చివర్న "నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాకే, "ఏకాగ్రంగా విన్నావా పార్థా" అని అడిగాడు. మనం అయిదో నిమిషానికే అడుగుతాం.

అంత విన్నవాడు కూడా తరవాత మరిచిపోయాడు. మహాభారతం అశ్వమేధ పర్వంలో, యుద్ధం అయ్యాక స్వామి మళ్లీ చేసిన బోధ అనుగీత. అది మొదలయ్యేది ఆ ఒప్పుకోలుతోనే. స్వామి నొచ్చుకున్నాడు, మందలించాడు, ఇంకో దారిలో మళ్లీ చెప్పాడు. మనకి పట్టుదల నిలవాలంటే రోజూ తలుచుకోవాల్సింది ఈ ఘట్టమే.

ఇక పనిలోకి వద్దాం. శనివారాల గీతా క్లాసు పొద్దున్న ఆరింటికి పెట్టకండి. ఈ వయసులో నిద్ర వేళే రాత్రి వెనక్కి జరుగుతుంది, కునికిపాట్లు పడితే అది పొగరు కాదు. సాయంత్రం నాలుగున్నర మేలు. అయిదారుగురికి మించొద్దు. ఇరవై నిమిషాలు, అందులో మీ మాట అయిదు నిమిషాలే. ఒక శ్లోకం, ఒక ప్రశ్న. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెల నిశ్శబ్దం భరించలేక మనమే జవాబు చెప్పేస్తాం, అక్కడే చెడుతుంది.

ఎదురుగా కూర్చుంటే పోలీసు విచారణలా ఉంటుంది. పక్కన కూర్చుని చేతికి పనివ్వండి. కడియం నుంచి బంతిపూలు తెప్పించి దండ కట్టించవచ్చు. హోములోకి సూది రానివ్వరు, అరటినార చాలు, దానికీ సూపరింటెండెంటుగారి అనుమతి ముందే తీసుకోండి. నార తడిపి ఉంచకపోతే ముడి దగ్గర తెగుతుంది. రెండు పూలు తొడిమలు కలిపి పెట్టి, నార ఒక చుట్టు తిప్పి బిగించాలి. కళ్లు ముడి మీద ఉంటాయి కాబట్టి మన మొహం చూడాల్సిన ఇబ్బంది ఉండదు, మాట తనంతట అదే వస్తుంది. లేచేటప్పుడు మిగిలిన నారంతా లెక్కగా వెనక్కి తెచ్చెయ్యండి.

ఏం నేరం చేశావని అడగొద్దు. బెయిలు గురించి మాటివ్వొద్దు. ఫొటోలు అసలే వద్దు. కేసులో ఉన్న పిల్లవాడు ఎవరో తెలిసేలా చెయ్యడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కింద నేరం. గంజాయి మానిన మొదటి ఒకటి రెండు వారాలు చిరాకు, నిద్రలేమి సహజం, ఆ రోజుల్లో విసురుగా మాట్లాడితే మనసులో పెట్టుకోకండి. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే మాత్రం "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వెయ్యొద్దు. ఆ పూటే వార్డెనుకి చెప్పండి, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416 కూడా ఇవ్వండి.

ధవళేశ్వరంలో నీళ్లు వదిలిన రోజే శివారు చేను తడవదని మనకి వేరే చెప్పాలా? రావడం, వేళకి రావడం, క్లుప్తంగా చెప్పడం మన వంతు. లెక్క చూసుకుంటే వాటినే చూసుకోండి. గోడ దగ్గరివాడు ఒక బార ముందుకి జరిగితే అదే పెద్ద సంగతి. వెటకారపు ప్రశ్న వస్తే ఇంకా మంచిది. "కృష్ణుడు దొంగిలిస్తే లీల, మేం దొంగిలిస్తే కేసా అండీ?" అంటాడొకడు. కళ్లెర్ర చెయ్యకండి. యశోద ఊరుకుందా, రోటికి కట్టింది కదరా అనండి. కట్టింది గానీ ఇంట్లోంచి పంపెయ్యలేదు. ఈ పిల్లల్లో చాలామందికి ఆ రెండో ముక్క అందలేదు.

ఇద్దరిద్దరు జట్టుగా వంతులు వేసుకోండి, ఒకరికి ఒంట్లో బాగోకపోతే రెండోవారు వెళ్లేలా. రాలేకపోతే ముందురోజే ఫోను చేసి పిల్లలకి చెప్పించండి. చెప్పకుండా ఎగ్గొట్టిన ఒక్క శనివారం నాలుగు శనివారాల పని చెరిపేస్తుంది. గీతాజయంతికి మొదలెట్టిన బృందాలు సాధారణంగా భోగి నాటికి కోడిపందేల బరుల దగ్గరో, బంధువుల ఇళ్లల్లోనో తేలతాయి. హాస్టలు పిల్లలు పండక్కి ఇళ్లకి పోతారు, హోములో ఉన్నవాళ్లకి వెళ్లే దారి లేదు. ఈ ఏడు భోగి సాయంత్రానికి ఎవరి వంతో ఇప్పుడే రాసుకోండి. అరిసెలు పట్టుకెళ్లాలంటే అనుమతి కాగితం వారం ముందే పెట్టాలి.