పదే, పదకొండు కాదు

ఫిబ్రవరి, శనివారం. సెయింట్ లూయిస్.

రాత్రి పడిన మంచు ఇంకా కరగలేదు. కాంప్టన్ అవెన్యూ పక్కన సెయింట్ లూయిస్ యూనివర్సిటీ వాళ్ల హెర్మన్ స్టేడియం గేట్లకి తాళాలు. కాలేజీ సాకర్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరులో అయిపోతుంది. వసంతంలో లెక్కలోకి రాని మ్యాచ్‌లు కొన్ని ఆడతారంతే. పాత లెక్కలు సరిచూసుకోవాలంటే ఇలాంటి రోజే నయం. ఈ యూనివర్సిటీలో మాస్టర్స్ చదివే మన తెలుగు పిల్లలు ఆ గేట్ల ముందునుంచే క్లాసులకి వెళ్తుంటారు. అమెరికా కాలేజీ సాకర్‌లో అందరికన్నా ఎక్కువ టైటిళ్లు ఈ జట్టువేనంటే వాళ్లకే ఆశ్చర్యంగా ఉంటుంది.

పదకొండని కొందరంటారు గానీ, పది టైటిళ్లే. 1959, 1960, 1962, 1963, 1965, 1967, 1969, 1970, 1972, 1973. అమెరికా కాలేజీ క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల సాకర్ టోర్నమెంటు పుట్టిందే 1959లో. అంటే మొదటి పదిహేను టోర్నమెంట్లలో పది వీళ్లవే. 1974 దాకా పదహారు ఫైనల్స్ జరిగితే వీళ్లు లేనివి మూడే: 1964, 1966, 1968. ఆ తర్వాత ఒక్క టైటిలూ లేదు. పది ఎలా వచ్చాయన్నది, ఎందుకు ఆగిపోయాయన్నది నా దృష్టిలో రెండు ప్రశ్నలు కావు. జవాబు ఒక్కచోటే దొరుకుతుంది: ఈ ఊరి చర్చి లీగుల్లో.

సెయింట్ లూయిస్ కాథలిక్కుల ఊరు. పేటకో చర్చి, చర్చికో బడి, బడికో సాకర్ జట్టు. మన ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ పోటీలకి వీధికో జట్టు దిగినట్టే, కాకపోతే ఇక్కడ ఏడాదికొకసారి వచ్చే సరదా కాదు, ఏడేళ్ల వయసు నుంచీ సాగే లీగు. నడిపేది సీవైసీ, అంటే కాథలిక్ యూత్ కౌన్సిల్. అందులో సాకర్ వ్యవహారాలు చూసిన బాబ్ గెల్కరే 1959లో యూనివర్సిటీ జట్టుకి తొలి కోచ్ అయ్యాడు. ఊళ్లో ఏ పేటలో ఎవడికి ఎడమకాలు ఆడుతుందో తెలిసినవాడికి ఆటగాళ్లని వెతుక్కుంటూ రాష్ట్రాలు తిరగాల్సిన పనేముంది? పిల్లలందరూ ఊరివాళ్లే, ఒకళ్ల ఆట ఒకళ్లకి చిన్నప్పటినుంచీ తెలుసు. మిగతా కాలేజీలు సెప్టెంబరులో జట్టుని కలిపి కుట్టుకుంటుంటే, వీళ్లు అల్లుకుపోయిన జట్టుతోనే బరిలోకి దిగేవాళ్లు. తొలి ఏడాదే ఫైనల్లో బ్రిడ్జ్‌పోర్ట్ మీద 5-2.

గెల్కర్ ఐదు టైటిళ్లు తెచ్చాడు. 1967లో పగ్గాలు అందుకున్న హ్యారీ కియో మరో ఐదు. కియో పోస్టాఫీసు ఉద్యోగి, కోచ్ పని దానికి తోడు. 1950 ప్రపంచకప్‌లో బ్రెజిల్‌లోని బెలో హొరిజాంతేలో ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించిన అమెరికా జట్టులో డిఫెండర్ ఆయన. ఆ రోజు మైదానంలో దిగిన పదకొండు మందిలో ఐదుగురు ఈ ఊరివాళ్లే. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ బతుకుతెరువు అంత్యక్రియల వ్యాపారం. బేస్‌బాల్ ఆడి వచ్చిన చెయ్యి కావడంతో బంతిని తన్నడం కన్నా విసరడమే ఎక్కువ ఇష్టపడేవాడు. ఈ ఊరి సాకర్ వేళ్లు ఎంత లోతుకి పోయాయో ఈ ఒక్క జట్టుని చూస్తే తెలిసిపోతుంది. యూనివర్సిటీ ఆ చెట్టుకి పండిన పండు మాత్రమే.

ఇక లెక్కల్లో జనం తప్పేవి. 1967 టైటిల్ పంచుకున్నది. మిషిగన్ స్టేట్‌తో ఫైనల్ 0-0 మీద ఉండగా వాతావరణం బాగోలేక ఆపేశారు, ఇద్దరినీ విజేతలన్నారు. దాన్ని సగం అని లెక్కేసి తొమ్మిదిన్నర అనేవాళ్లున్నారు. అధికారిక పట్టిక ప్రకారం ఇద్దరికీ పూర్తి టైటిలే. మిషిగన్ స్టేట్ మరుసటి ఏడు కూడా మేరీలాండ్‌తో 2-2 దగ్గర పంచుకుంది. వాళ్ల రెండు టైటిళ్లూ పంపకాలే పాపం.

రెండోది, ఇంకా పెద్దది, 1971. మయామీ ఆరెంజ్ బౌల్‌లో హోవర్డ్ యూనివర్సిటీ చేతిలో 3-2తో ఓటమి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన చారిత్రక విద్యాసంస్థ. కోచ్ లింకన్ ఫిలిప్స్ ట్రినిడాడ్ గోల్‌కీపర్. ఆటగాళ్లలో చాలామంది కరీబియన్ దీవులనుంచీ ఆఫ్రికానుంచీ వచ్చినవాళ్లు. తర్వాత ఎన్‌సీఏఏ అర్హత నియమాల పేరు చెప్పి ఆ టైటిల్ లాగేసుకుంది. అందులో ఒకటి విదేశీ విద్యార్థులకి మాత్రమే వర్తించే నియమం: స్వదేశంలో ఆడిన ఏళ్లని కాలేజీలో ఆడగలిగే ఏళ్లలోంచి కోసెయ్యడం. హోవర్డ్ కోర్టుకి వెళ్లింది. ఆ నియమం వివక్షేనని కోర్టు కొట్టేసింది, 1975లో అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది. టైటిల్ మాత్రం తిరిగి రాలేదు. పట్టికలో 1971 ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీని సెయింట్ లూయిస్ ఖాతాలో వేసి పదకొండు అనడం తప్పు. రద్దు చేశారు, రన్నరప్‌కి ఇవ్వలేదు. మైదానంలో గెలిచింది హోవర్డే కదా.

1974 చూస్తే ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మళ్లీ అదే ఫైనల్, ఈసారి సెయింట్ లూయిస్‌లోనే, బుష్ స్టేడియంలో. నాలుగో ఓవర్‌టైమ్‌లో హోవర్డ్ 2-1. సీజన్ మొత్తం 19 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. పేటల లీగు ఎంత గట్టిదైనా, ప్రపంచంలో సగం దేశాల వీధుల్లో ఆడి వచ్చినవాళ్లతో తలపడాలంటే చాలదని ఆ రాత్రి తేలిపోయింది. ఈలోగా దేశమంతా పిల్లల లీగులు పుట్టుకొచ్చాయి, మిగతా యూనివర్సిటీలూ ఆటగాళ్ల వేటకి దిగాయి. గెల్కరే నది దాటి ఇల్లినాయ్‌లోని ఎడ్వర్డ్స్‌విల్ యూనివర్సిటీకి వెళ్లి, ఈ ఊరి పిల్లలనే చేరదీసి, 1979లో క్లెమ్సన్ మీద 3-2తో అక్కడా టైటిల్ కొట్టాడు. సెయింట్ లూయిస్, ఎడ్వర్డ్స్‌విల్ జట్ల పోటీకి కంచు బూటు బహుమతి. 1980లో బుష్ స్టేడియంలో ఆ మ్యాచ్‌కి వచ్చింది 22,512 మంది. ఇప్పటి హెర్మన్ స్టేడియంలో సీట్లు ఆరువేల చిల్లర.

అప్పటి టైటిల్‌నీ ఇప్పటి టైటిల్‌నీ పోల్చేముందు ఇంకో లెక్క చూడాలి. 1959లో ఎనిమిది జట్లే, మూడు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు. ఇప్పుడు 48 జట్లు. మొదటి పదహారు ర్యాంకుల్లో ఉంటే ఐదు గెలవాలి, లేకపోతే ఆరు. అదీ ఒకటే నెలలో. కాలేజీ నియమాల్లో మొదటి సగంలో బయటికొచ్చినవాడు ఆ సగంలో తిరిగి దిగకూడదు, రెండో సగంలో ఒక్కసారి తిరిగి దిగొచ్చు. అందుకే బెంచి బలం లేని జట్టు నవంబరుకల్లా చతికిలబడుతుంది. స్కాలర్‌షిప్పులా, 2025 దాకా ఒక జట్టుకి అన్నీ కలిపి 9.9 పూర్తి స్కాలర్‌షిప్పులంతే. పాతికమందికి పైగా ఉన్న జట్టులో ముక్కలు చేసి పంచుకోవాల్సిందే.

అయినా ఊరు ఎండిపోలేదు, ఊట మారిందంతే. బోస్నియా యుద్ధం నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ వేలల్లో స్థిరపడ్డాయి. ఆ పిల్లల్లో ఒకడు వెదాద్ ఇబిసెవిచ్. 2003లో ఒక్క సీజన్ ఇక్కడ ఆడి యూరప్ వెళ్లిపోయాడు. 2014లో బ్రెజిల్‌లోని మారకానా స్టేడియంలో అర్జెంటీనా మీద, ప్రపంచకప్ చరిత్రలో బోస్నియా తొలి గోల్ అతనిదే. ఈ ఊరివాడే అయిన టిమ్ రీమ్ 2006 నుంచి 2009 దాకా ఇక్కడ డిఫెండర్. తర్వాత ఇంగ్లండ్ క్లబ్ ఫుల్హమ్‌కి ఆడాడు. అతనికన్నా ముందు ఇక్కడ ఆడి ఫుల్హమ్ దాకా వెళ్లినవాడు బ్రయన్ మెక్‌బ్రైడ్, కాలేజీలో 72 గోల్స్. 1960ల్లో ఇక్కడ ఆడిన పాట్ మెక్‌బ్రైడ్‌కీ ఇతనికీ చుట్టరికం లేదు. తండ్రీకొడుకులని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి నా లెక్కల కార్డు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాను.

2021లో ఈ జట్టువాళ్లు క్వార్టర్‌ఫైనల్ దాకా ఓటమి లేకుండా వెళ్లి, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ చేతిలో ఆగారు. టైటిళ్ల లెక్కలో రెండో స్థానంలో ఉన్న ఇండియానా యూనివర్సిటీకి ఎనిమిదో టైటిల్ వచ్చింది 2012లో.