అన్నీ ఉన్న అత్తారింటికి ఏం పట్టుకెళ్లాలి?

మా అత్తగారింట్లో లేని వస్తువు ఒకటి చెప్పమని ఎవరైనా పందెం కాస్తే నేను ముందే చేతులెత్తేస్తాను. తెనాలిలో రెండు పడక గదుల ఇల్లు, ఉండేది ఇద్దరే. ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది, కాళ్లు నొక్కే మిషన్ ఉంది, చెప్పిన పాట పాడే డబ్బా ఉంది. మా బావమరిది డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా ఒక సూట్‌కేసు వీటికే కేటాయిస్తాడు. ఎయిర్ ఫ్రయ్యర్‌కి అత్తయ్యగారు పాత దుప్పటితో కవరు కుట్టారు. ఆ కవరు మీద పళ్ల బుట్ట, బుట్ట పక్కన మామయ్యగారి మందుల డబ్బా. అలా దానికి కూడా ఒక ఉపయోగం దొరికింది.

పైగా నేను అల్లుణ్ణి. మన వైపు పెట్టుపోతలన్నీ అటు నుంచి ఇటే. పండక్కి పిలిచేది వాళ్లు, బట్టలు పెట్టేది వాళ్లు, తిరిగి వచ్చేటప్పుడు కారు డిక్కీలో బియ్యం, మినపసున్ని, అరటి గెల సర్దేది కూడా వాళ్లే. నేను ఏదైనా తీసుకెళ్తే మామయ్యగారు నిలబడిపోయి "ఎందుకండీ అల్లుడు గారూ ఇవన్నీ" అంటారు. అది మొహమాటం కాదు, ఆయనకి నిజంగానే ఇబ్బంది. అల్లుడి చేత ఖర్చు పెట్టించకూడదని ఆయన లెక్క. నేను రెండు వేలది ఇస్తే వచ్చే పండక్కి నాలుగు వేల బట్టలు నా చేతిలో ఉంటాయి. అంటే ఖరీదైన బహుమతి ఇచ్చి ఆయన పెన్షన్‌కి చిల్లు పెడుతున్నానన్న మాట.

అందుకని మా ఆవిడా నేనూ ఒక మాట అనుకున్నాం. ఆ ఇంట్లోకి కొత్త వస్తువు ఏదీ వెళ్లదు. వాళ్ల దగ్గర ఇప్పటికే ఉండి, వాళ్లకి ఇష్టమై, ఏదో కారణంగా మూలపడిన దాన్ని మళ్లీ వాడుకలోకి తెస్తాం. అది కూడా బహుమతిలా కనపడకుండా.

దీనికి ఒక్క మినహాయింపు చీర. అమ్మకి చీర పెట్టకుండా కూతురు ఊరుకోదు కదా. కానీ అత్తయ్యగారి బీరువాలో కంచి పట్టు ఉంది, గద్వాల్ ఉంది, ఉప్పాడ ఉంది. ఎవరు ఏ చీర పెట్టినా మడత విప్పరు, ధర చీటీతో సహా కింది అరలోకి వెళ్తుంది. అది పెట్టుడు చీరల అర. రేపు ఎవరి గృహప్రవేశానికో, సీమంతానికో అందులోంచి ఒకటి బయటికి వస్తుంది. మేము పెట్టిన చీర కట్టుకుని మా పిన్నత్తగారి వియ్యపురాలు ఒక ఫంక్షన్‌లో మాకే భోజనం వడ్డించారు. బాగా నప్పింది కూడా.

దీనికి మా ఆవిడ కనిపెట్టిన మందు ఏమిటంటే, మంగళగిరి నూలు చీర కొని, ఫాల్ కుట్టించి, పీకో చేయించి, ఒకసారి ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇవ్వడం. జాకెట్టు కూడా అత్తయ్యగారి ఆది జాకెట్టుతో కుట్టించేయడం. ఇక అది పెట్టుడుకి పనికిరాదు, ఆవిడే కట్టుకోవాలి. చీర ఎంచడంలో కూడా ఒక పద్ధతి ఉంది. మంగళగిరి చీరకి ఒంట్లో పువ్వులు, బుటాలు లేకుండా సాదాగా, అంచు మాత్రం జరీతో ఉంటుంది, నిజాం అంచు అంటారు. వంటింట్లో కట్టుకోవడానికి సన్నపాటి అంచే మేలు, పెద్ద జరీ అయితే "గుడికి ఉంచుతాలే" అని మళ్లీ అరలోకి పోతుంది.

ఇక అసలు సంగతి, ఇత్తడి గిన్నెలు. అత్తయ్యగారి కాపురానికి సారెగా వచ్చిన గిన్నెలు అటక మీద గోనెసంచిలో ఉండేవి. పులుసు అంటే ఇత్తడి గిన్నెలోనే కాచాలని ఆవిడ ఎప్పుడూ అంటారు, కాచేది మాత్రం స్టీలులో. ఎందుకంటే కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయింది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పోస్తే చిలుమెక్కుతుంది, తినకూడదు. సైకిల్ మీద వచ్చి "కళాయి పూస్తాం" అని కేకేసే మనిషి ఆ వీధికి రావడం మానేసి చాలా ఏళ్లయింది.

"అత్తయ్యగారూ, మా అమ్మ గిన్నెలు ఎలాగూ కళాయికి ఇస్తున్నాను, మీవీ కార్లో పడేయండి" అన్నాను. మా అమ్మవి రెండే గిన్నెలు. మాట అబద్ధం కాదు, కొంచెం సాగదీశానంతే.

విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇత్తడి సామాన్ల కొట్ల దగ్గర వాకబు చేస్తే ఒక పెద్దాయన దొరికాడు. దగ్గర కూర్చుని చూశాను. గిన్నెను ముందు తోమి, మసి, చిలుము లేకుండా చేశాడు. బొగ్గుల కుంపటి మీద పట్టుకారుతో తిప్పుతూ కాల్చాడు. బాగా కాలాక లోపల నవాసాగరం పొడి చల్లితే గుప్పుమని తెల్ల పొగ, ముక్కు మండిపోయే ఘాటు. తగరం కడ్డీని గిన్నె లోపల తాకించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ వేడికి బొట్టులా జారింది. ఆ బొట్టును దూది ఉండతో చుట్టూ రుద్దుకుంటూ పోయాడు. చూస్తూ ఉండగానే పచ్చగా ఉన్న లోపలి భాగమంతా వెండిలా తిరిగింది. మళ్లీ నీళ్లలో ముంచి పక్కన పెట్టాడు. ఒక గిన్నెకి పట్టే సమయం టీ తాగేంత కూడా లేదు.

మీరూ చేయించాలనుకుంటే, సీసం కలపని తగరమే వాడమని ముందే గట్టిగా చెప్పండి. నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడకండి. తర్వాత ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి మర్చిపోకూడదు, పూత కరిగిపోతుంది. స్టీలు పీచుతో కూడా తోమకూడదు. పనిమనిషికి ఈ సంగతి అత్తయ్యగారు రోజూ చెప్తున్నారట.

గిన్నెలు తిరిగి వెళ్లిన ఆదివారం ముక్కల పులుసు పెట్టారు. ఎంతయిందని మామయ్యగారు అడగలేదు. అది బహుమతి అని ఆయనకి తట్టనే లేదు, నాకు కావలసిందీ అదే.

మామయ్యగారిది వాచీ. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. 2022లో రైల్వే ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చింది గానీ, ఆ మాట ఎత్తితే ఆయనకి నచ్చదు. ప్రతి స్టేషన్‌లో బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది నిమిషాలతో రాయడం ఆయన పని. ఆ పనంతా చేసింది హెచ్ఎంటీ జనతా, చేత్తో కీ ఇచ్చే వాచీ. అది ఆగిపోయి దేవుడి గదిలో పసుపు డబ్బా పక్కన ఉంటోంది. చేతికి మాత్రం కొడుకు పంపిన స్మార్ట్‌వాచీ, అది గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది, ఆయన దాన్ని నమ్మరు.

హెచ్ఎంటీ వాళ్లు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు, 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకి కేంద్రం ఆమోదం తెలిపింది. కాబట్టి ఇప్పుడు విడిభాగాలంటే వేరే పాత వాచీల్లోంచి తీసినవే. కొత్త జనతా కొనిపెడదామని ఆన్‌లైన్‌లో వెతకకండి. తళతళలాడుతూ కనిపించేవి చాలావరకు పాత డయల్‌కి మళ్లీ రంగేసినవి. నేను రిపేరు చేసే అతనికి ఒకటే చెప్పాను, లోపల ఏం చేసినా సరే, డయల్ ముట్టుకోవద్దని. నాలుగు అంకె దగ్గర ఒక గోధుమరంగు మరక ఉంది, వాన నీరు దిగిన గుర్తు. ఆయనకి అది ఏ బండిలో, ఏ వర్షంలో జరిగిందో తెలుసు. నూనె ఎండిపోయి గట్టిపడటమే అసలు జబ్బట. అన్నీ విప్పి కడిగి, నూనె వేసి, అద్దానికి పాలిష్ పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు మామయ్యగారు పొద్దున్నే కాఫీ తాగుతూ కీ ఇస్తారు, తర్వాత టీవీలో టైము తప్పు చూపిస్తోందని చెప్తారు.

మే నెలలో అయితే బహుమతి అంటే నా భుజాలే. ఆవకాయకి కాయలు కొట్టే పని ఇదివరకు మామయ్యగారిది, ఇప్పుడు ఆయనకి భుజం లేవడం లేదు. మార్కెట్లో కొట్టించిన ముక్క అత్తయ్యగారికి నచ్చదు, తడి తగులుతుందని అనుమానం. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లోపలి జీడి తీసేయాలి, పల్చటి పొర గీకేయాలి, పొడి గుడ్డతో తుడవాలి. సెలవు పెట్టి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుంటాను. మొదట్లో "అల్లుడు గారి చేత పని చేయిస్తామా" అన్న మనిషి ఇప్పుడు "బాబూ, ఈ ముక్కకి టెంక లేదు" అని పక్కన పడేస్తున్నారు. ఆవకాయ పెట్టే ఇంటికి కొన్న పచ్చడి సీసా పట్టుకెళ్లే సాహసం మాత్రం ఎవరూ చేయకండి.

స్వీట్ల జోలికి వెళ్లను, మామయ్యగారికి సుగర్. దేవుడి బొమ్మలు, ఫొటో ఫ్రేములు కూడా వద్దు, పారేయలేరు, పెట్టడానికి చోటుండదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పని నాదే. ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే పూర్తి చేయొచ్చు. కళ్లు ఆర్పమని ఫోన్ అడుగుతుంది, ఆయన గార్డు జెండా ఊపుతున్నంత గంభీరంగా ఆర్పుతారు. బ్యాంకు లైన్లో నిలబడే టెన్షన్ తప్పిందని అత్తయ్యగారు నాకు పెసరట్టు వేస్తారు.

ఇక 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2003 పుష్కరాలప్పుడు మామయ్యగారు రాజమండ్రి వైపు ప్రత్యేక బళ్ల మీద తిరిగారు. జనాన్ని మోయడమే తప్ప తను దిగి మునిగే తీరిక దొరకలేదు, అత్తయ్యగారిని తీసుకెళ్లే వీలూ కుదరలేదు. ఆ మాట ఆవిడ ఇప్పటికీ అంటారు. ఈసారి మొదటి రోజు తొక్కిడి జోలికి పోకుండా, కాస్త ఊపిరాడే రోజు చూసి నెమ్మదిగా తీసుకెళ్లాలని ఉంది. టికెట్లు నేను తీస్తానన్నాను. "నాకు రిటైర్డ్ పాసు ఉంది కదండీ" అన్నారాయన, మాట అక్కడితో తెగ్గొడుతూ. పోనీ గోదావరి కనపడే గదైనా నేను మాట్లాడతానంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ చాలంటున్నారు. అత్తయ్యగారు మాత్రం కిటికీ ఉన్న గది కావాలని మా ఆవిడతో ఫోన్‌లో మెల్లగా చెప్పారు. ఆ బేరం ఇంకా తెగలేదు.