31 వేలు అన్నారు, 240 రూపాయల పైపుతో పోయింది

నిన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని రెండు నిమిషాలు నిలబడ్డాను. బండి ఆగిపోలేదు. వెనకవాడు హారన్ కొట్టలేదు. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

నాది పదకొండేళ్ల పెట్రోల్ కారు. గోల ఏప్రిల్‌లో మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బుద్ధిగా ఉంటుంది. పది నిమిషాలు నడిచి ఇంజన్ వేడెక్కాక ఎక్కడైనా ఆపామా, 750 దగ్గర కదలకుండా ఉండాల్సిన ఆర్‌పీఎం ముల్లు 500కి పడుతుంది, 1300కి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఏసీ వేస్తే ఆ పడటంలోనే ఆగిపోతుంది. నడుస్తున్నప్పుడు మాత్రం ఏ లోపమూ తెలియదు.

పెట్రోల్ బంకు మార్చి చూశాను. మా వీధి చివర మెకానిక్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. లాభం లేదు.

ఇక సర్వీస్ సెంటర్. మొదటిసారి, ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేసి 1,850 బిల్లు వేశారు. నాలుగు రోజులు బాగుంది, అయిదో రోజు మళ్ళీ అదే తంతు. రెండోసారి వెళ్ళేటప్పుడు ఎన్ని నిమిషాలకు మొదలవుతుంది, ముల్లు ఎంత నుంచి ఎంతకు ఊగుతుంది, ఏసీ వేస్తే ఏమవుతుంది, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. లెక్కల టీచర్ని, అలవాటు. అక్కడి అబ్బాయి కాగితం వైపు చూడనైనా చూడలేదు. గంటసేపు నన్ను కూర్చోబెట్టి, చల్లారిన బండి స్టార్ట్ చేసి, "బాగానే ఉంది కదా మేడమ్" అన్నాడు. పది నిమిషాలు నడిపి చూడండి బాబూ అంటే, "క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతారా? లేడీస్‌కి ఆ అలవాటు ఉంటుంది" అన్నాడు.

సాయంత్రానికి మాట మారింది. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, పోయిందట, మార్చాలట, 31 వేలట. ఎలా తెలిసిందయ్యా అంటే సిస్టమ్‌లో చూపించిందన్నాడు. లోపానికో కోడ్ ఉంటుంది కదా, ఏ కోడ్ చూపించింది అన్నాను. నవ్వాడు. "అదంతా టెక్నికల్ మేడమ్. సార్ నంబర్ ఇవ్వండి, ఆయనకి వివరంగా చెబుతాం." పక్కన కూర్చున్న ఇద్దరు కస్టమర్లు కూడా ముసిముసిగా నవ్వారు.

మావారికి సైకిల్ తప్ప ఏ బండీ రాదు. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో స్టీరింగ్ నాదే. శ్రీశైలం ఘాట్ రోడ్డులో వాన పడుతుంటే అత్తగారిని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని దింపుకొచ్చిన దాన్ని. అయినా నంబర్ ఇచ్చాను. ఎందుకిచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే మండుతుంది. ఆయన అయిదు నిమిషాలు ఊ కొట్టి, "ఆవిడ అక్కడే ఉంది కదండీ, ఆవిడకే చెప్పండి. నాకు బానెట్ ఎక్కడ తెరుస్తారో కూడా తెలీదు" అన్నారట. మాట్లాడకుండా బండి తెచ్చేసుకున్నాను.

ఆ కోపంలోనే 900 పెట్టి ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే పరికరం, కొన్నాను. డాష్‌బోర్డు కింద పోర్టులో గుచ్చి ఫోన్‌లో చూడొచ్చు. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా పి0171 అనే కోడ్ పెండింగ్‌లో ఉంది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం సర్దుతోందో ఆ లెక్క, బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు +22, 2500 ఆర్‌పీఎం దగ్గర +4. చెంచా ఉప్పు గ్లాసు నీళ్ళలో వేస్తే నోట పెట్టలేం, బిందెడు నీళ్ళలో వేస్తే తెలియదు. అలా ఆగి ఉన్నప్పుడు, అంటే ఐడిలింగ్‌లో, ఇంజన్ పీల్చే గాలే కొంచెం. సెన్సర్ కొలవని దొంగగాలి ఇంకో దారిన దూరితే, అప్పుడే లెక్క తప్పుతుంది. రేస్ ఇస్తే ఆ కాస్త గాలి ఒక లెక్కలోది కాదు. కాబట్టి పోయింది ఈసీఎం కాదు, ఎక్కడో లీకు. ఈ మాత్రం దానికి 31 వేలు అడిగారు.

మర్నాడు బండి బాగా వేడెక్కించి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎయిర్ లీకేమో చూడండి బాబాయ్" అన్నాను. స్కానర్ చూపించబోతే వద్దన్నాడు. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో రబ్బరు పైపుకీ గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కుతూ పోయాడు. మూడోది పీసీవీ పైపు, ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ గాలి దారిలోకి పంపేది. నొక్కగానే బండి గురక ఆపేసిన మనిషిలా అయిపోయింది. వదిలితే మళ్ళీ మొదలు. "ఇదేనమ్మా" అన్నాడు. పైపు వంపు తిరిగే చోట, అడుగు వైపున, గోరంత చీలిక. చల్లగా ఉంటే మూసుకుంటోంది, వేడికి తెరుచుకుంటోంది. పైనుంచి చూస్తే కనపడనే కనపడదు.

పైపు 240, ఆయన కూలి 200. కోడ్ చెరిపేశాను. రెండు రోజుల తర్వాత చూస్తే ట్రిమ్ +2.

మీకూ ఇదే బాధ ఉంటే ముందు చవకైనవి చూడండి, ఖరీదైనవి చివర్న. ఏ పార్టు మార్చమన్నా కోడ్ ఏమిటో కాగితం మీద రాసిమ్మనండి, పాత పార్టు అడిగి తెచ్చుకోండి. లీకు కనిపెట్టడానికి కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టమని చెప్పేవాళ్ళుంటారు. వేడి ఇంజన్ మీద ఆ పని చేయకండి, అంటుకుంటుంది. ఇక, సార్ నంబర్ అడిగే చోటికి అసలు వెళ్ళకండి.

ఇవాళ పొద్దున సర్వీస్ సెంటర్ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది, మావారి నంబర్‌కే. పదికి పది ఇవ్వమని అడుగుతోందట ఆ అమ్మాయి. ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకటి ఇచ్చాను. సున్నా ఇవ్వడం కుదరదట.