పైన ఇంకా ఆరు కిలోమీటర్లు

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో రైలు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అక్కడి నుంచి కార్పెంత్రాకి రైళ్లకు కొదవ లేదు. కార్పెంత్రా నుంచి బెదువాన్ వెళ్లే బస్సులే రోజుకు కొన్ని. మాకు కుదిరింది సాయంత్రం బస్సు. అంటే చేతిలో దాదాపు నాలుగు గంటలు ఉన్నాయి.

"వంతెన చూద్దాం నాన్నా" అంది పాప. నదిలో సగం దాకా వెళ్లి ఆగిపోయిన ఆ పాత వంతెన గురించి రైల్లో తనకి చెప్పింది నేనే. ఒకప్పుడు 22 కమానులు ఉండేవని, వరదలకు కొట్టుకుపోగా ఇప్పుడు నాలుగే మిగిలాయని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. స్టేషన్ నుంచి అరగంట నడక కూడా ఉండదు. పక్కనే పోప్‌ల కోట. 1309 నుంచి 1377 దాకా పోప్‌లు రోమ్‌లో కాకుండా ఈ ఊళ్లోనే ఉన్నారు.

నేను వద్దన్నాను.

మర్నాడు పొద్దున్న నేను బెదువాన్ నుంచి మోన్ వాంతూ అనే కొండ సైకిల్ మీద ఎక్కాలి. పెద్ద రైడ్‌కి ముందు రోజు కాళ్లు దాచుకోవాలని సైకిల్ తొక్కేవాళ్లందరూ అంటారు. నిలబడే అవసరం లేకపోతే కూర్చో, కూర్చునే అవసరం లేకపోతే పడుకో అన్నది మాలో పాత మాట. కాబట్టి స్టేషన్ బల్ల మీద కాళ్లు బ్యాగు మీదికి చాపుకుని, బిగుతు సాక్స్ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ, పాప కాసేపు ఎదురుగా గోడ దాకా వెళ్లి వచ్చారు. సామాన్లతో ఇద్దరే అంత దూరం వెళ్లడం కుదరక వాళ్లూ కూర్చుండిపోయారు. పాప ఫోన్లో ఆ వంతెన ఫొటోలే చూస్తూ కూర్చుంది.

పారిస్‌లో మూడు రోజులు ఎలా గడిచాయో రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అక్కడా నేను లిఫ్టులే వెతుక్కున్నాను.

ఈ ప్రయాణానికి మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. పది రోజుల్లో ఎనిమిది రోజులు కుటుంబానివి, రెండు రోజులు నావి. పద్నాలుగు నెలలు ఈ కొండ కోసమే ట్రైనింగ్ చేశాను. మంగళ, గురువారాల్లో గంటంపావు ఇంటర్వల్స్, అంటే కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కడం. బుధవారం గంటన్నర తేలిగ్గా, గుండె వేగం పెరగకుండా. శుక్రవారం ఒక గంట. శనివారం మూడున్నర, ఆదివారం ఐదు. మొత్తం వారానికి పదమూడున్నర గంటలు. పోటీలకి వెళ్లేవాణ్ణి కాదు, డబ్బులొచ్చేదీ లేదు. ఉద్యోగం చేసుకుంటూ, ఇష్టం కొద్దీ చేసేదే. అందుకే లెక్క పక్కాగా ఉండాలని ఎక్సెల్‌లో ఒక పట్టిక కూడా పెట్టుకున్నాను. వారానికి 168 గంటలు. నిద్ర 49, ఆఫీసు, రాకపోకలు 50, సైకిల్ 13.5. మిగతా 55.5 గంటలు ఇంటివి. ఆ సంఖ్య చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. నా ఇష్టం కోసం ఎవరికీ ఏమీ తక్కువ చేయడం లేదనిపించేది.

కార్పెంత్రాలో బస్సెక్కాం. ద్రాక్షతోటల మధ్య నుంచి బస్సు తిరుగుతూ పోతుంటే ఎదురుగా ఆ కొండ కనిపించింది. చుట్టూ ఇంకే కొండా లేదు, అదొక్కటే. పైన తెల్లగా ఉంటుంది. మంచు కాదు, సున్నపురాయి. శతాబ్దాల క్రితం తూలోన్‌లో ఓడలు కట్టడానికి అక్కడి చెట్లు కొట్టేశారట. కిందివైపు మళ్లీ అడవి పెంచారు, తల మాత్రం బోడిగానే ఉండిపోయింది. నేను కిటికీకి అతుక్కుపోయి చూస్తున్నాను. పాప వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది.

అప్పుడు మా ఆవిడ అంది, మెల్లగానే. "నీ ట్రైనింగ్ గురించి నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?"

"లేదు."

"నాలుగింటికి లేచి వెళ్లిపోతావు, దాని గురించీ అనలేదు. అప్పుడు మేం నిద్రలో ఉంటాం, మాకు తెలియను కూడా తెలియదు. ఆదివారం ఇంటికి పదింటికి వస్తావు. మా దగ్గరికి వచ్చేది మాత్రం సాయంత్రం ఆరింటికి. ఇవాళ రైడ్ కూడా లేదు. అయినా నువ్వు రాలేదు."

బస్సు ఏదో ఊళ్లో ఆగింది. ఒక ముసలావిడ బుట్టతో ఎక్కింది. నేను ఏదో చెప్పాలనుకుని ఏమీ చెప్పలేకపోయాను. నా పట్టికలో ఆ 55.5 గంటల గడి గుర్తొచ్చింది. అందులో ఎన్ని గంటలు సోఫాలో కళ్లు మూసుకుని ఉన్నానో, ఎన్నిసార్లు పాప లెక్కల పుస్తకం పట్టుకుని వస్తే "ఇంకో అరగంట ఆగమ్మా" అన్నానో ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఆదివారాలు ఇంట్లో మాటలు కూడా గుసగుసగానే నడిచేవి, నాన్న పడుకున్నాడని. నేను దాన్ని రికవరీ, అంటే ఒళ్లు కోలుకోవడం అనుకున్నాను.

బెదువాన్‌లో దిగేసరికి నేను అన్నది ఒక్కటే. "రేపు పదకొండుకల్లా కిందికి వచ్చేస్తాను. ముగ్గురం అవిన్యోన్ వెళ్దాం." అంతకుముందు నా ప్లాన్ వేరు. ఎక్కి దిగి, మధ్యాహ్నమంతా గదిలో పడుకోవాలని. తను నమ్మినట్టు కనిపించలేదు. సరే అంది.

ఆ సాయంత్రమే సైకిల్ తీసుకున్నాను. రోజుకు 65 యూరోలు. సగం రోజు చాలన్నా ధర తగ్గదు. పైగా కార్డు మీద పెద్ద మొత్తమే డిపాజిట్‌గా పట్టుకున్నారు. పెడల్స్ ఇంటి నుంచి తెచ్చుకోవడం ఒక్కటే కలిసొచ్చింది. ఇంటి నుంచి ఇంకొకటి కూడా తెచ్చాను, ఒక నీళ్ల సీసా. టామ్ సింప్సన్ అనే ఇంగ్లాండ్ రైడర్ 1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఈ కొండ మీదే, శిఖరం ఇంకా కిలోమీటరున్నర ఉందనగా కుప్పకూలి చనిపోయాడు. అక్కడ ఒక రాతి స్మారకం ఉంది. ఎక్కేవాళ్లు దాని దగ్గర సీసానో టోపీనో పెట్టి వెళ్తారు. నేనూ ఒకటి పెడతానంటే పాప ఆ సీసా మీద మార్కర్‌తో తన పేరు రాసిచ్చింది.

ఆరూ నలభైకి బయల్దేరాను. బెదువాన్ నుంచి శిఖరం దాకా 21 కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు 1600 మీటర్లు ఎత్తు పెరగాలి. నేను, సైకిల్, నీళ్లు కలిపి 84 కిలోలు. 220 వాట్స్ బలంతో నిలకడగా తొక్కితే రెండు గంటల లోపు పైన ఉంటాను. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు ద్రాక్షతోటల మధ్య తేలిగ్గా పోతుంది. సాంతెస్తేవ్ దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపు దాటగానే అడవి. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లకు పైగా తొమ్మిది, పది శాతం ఎత్తే. మధ్యలో ఊపిరి తీసుకునే చోటు లేదు. ప్రతి కిలోమీటరుకూ పసుపు తల ఉన్న చిన్న రాయి. శిఖరం ఇంకా ఎంత దూరమో, ముందున్న కిలోమీటరు ఎంత శాతం ఎత్తో దాని మీద రాసి ఉంటుంది.

అద్దె సైకిల్‌కి ఎన్ని వాట్స్ తొక్కుతున్నానో చూపించే పవర్ మీటర్ లేదు. రెండేళ్ల తర్వాత మొదటిసారి అంకె చూడకుండా తొక్కాను. ఊపిరి ఆధారంగా తొక్కడం మొదట్లో భయంగా ఉంది. కాసేపటికి అలవాటైంది. ప్రతి ఇరవై నిమిషాలకూ తినడం మాత్రం మానలేదు. గంటకి 70 గ్రాముల దాకా పిండిపదార్థం, చక్కెర నీళ్లు, జెల్స్ రూపంలో. ఇంత పెద్ద కొండకి తిండి తగ్గించే సాహసం చేయలేను. ఇంటి దగ్గర ఆదివారాలు మాత్రం ఖాళీ కడుపుతో వెళ్లేవాణ్ణి, బరువు తగ్గాలని. ఐదు గంటలకీ రెండు అరటిపళ్లు.

అడవిలో గాలి లేదు. ఉక్కపోత. చెమట కళ్లల్లోకి కారుతోంది. కానీ కాళ్లు బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఎనిమిదింటికి షాలే రెనార్ అనే రెస్టారెంట్ దగ్గర అడవిలోంచి బయటపడ్డాను. ఎత్తు 1417 మీటర్లు. పైన ఇంకా ఆరు కిలోమీటర్లు.

గాలి అక్కడ మొదలైంది.

మిస్ట్రల్ గురించి చదివాను, కానీ చదవడం వేరు. ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని అడవి ఉన్నంతసేపూ కొండే అడ్డుకుంది. ఇక్కడ దాచేదేమీ లేదు. షాలే ఇంకా తెరవలేదు. గోడ చాటున నలుగురైదుగురు సైకిళ్లు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. పైనుంచి ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్లు నడిపించుకుంటూ కిందికి వస్తున్నారు. నేను ఆగకుండా ముందుకే పోయాను. కిలోమీటరు వెళ్లానేమో, ఒక మలుపు తిరగగానే పక్కనుంచి గాలి ఒక్క దెబ్బ కొట్టింది. ముందు చక్రం ఒక బారెడు దూరం జరిగిపోయింది, రోడ్డు అంచు వైపు. ఎలా పెడల్ విడిపించి కాలు కింద పెట్టానో తెలియదు. రాళ్ల మీద కూర్చుంటే గాలికి సైకిల్ నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టు ఉంది. శిఖరం మీద తెల్లటి టవర్ స్పష్టంగా, చాలా దగ్గరగా కనిపిస్తోంది.

నడిపించుకుంటూ గోడ దగ్గరికి తిరిగొచ్చాను. అక్కడ అరవై దాటిన ఒకాయన తాపీగా రొట్టె తింటున్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఆకాశం చూపించి, పది వేళ్లు చూపించి, చేతిని మెల్లగా కిందికి దించారు. పదింటికి తగ్గుతుందని. తను ఉంటానని సైగ చేశారు. సగం రొట్టె తుంచి ఇచ్చారు. ఆయనకి రోజంతా ఉంది.

గోడకి ఆనుకుని లెక్క వేశాను. పదింటికి బయల్దేరితే పదకొండుకి పైన. ఫొటోలు, స్మారకం, దిగడం అన్నీ కలిపి బెదువాన్ చేరేసరికి పన్నెండు దాటుతుంది. ఫోన్ చేస్తే మా ఆవిడ కాదనదు. "సరే, జాగ్రత్త" అంటుంది. అది నాకు కచ్చితంగా తెలుసు. పద్నాలుగు నెలలుగా అదే అంటోంది. ఫోన్ చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. 2016లో టూర్ డి ఫ్రాన్స్ వాళ్లు కూడా గాలి వల్ల శిఖరం దాకా పోకుండా, సరిగ్గా ఈ షాలే రెనార్ దగ్గరే స్టేజి ముగించారని గుర్తుచేసుకున్నాను. దానివల్ల బాధేమీ తగ్గలేదు. గొంతు దాకా ఏడుపు వచ్చింది. ఆయన చూసి భుజం మీద చెయ్యి వేశారు.

తొమ్మిది దాకా ఆగి, దిగిపోయాను.

గదికి వచ్చేసరికి పదవుతోంది. పాప పళ్లు తోముకుంటూ "అప్పుడే?" అంది. మా ఆవిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు. స్నానం చేశాను. మంచం మీద కూర్చున్నాను, అలవాటు ప్రకారం పడుకోవాలనే. కానీ నిద్ర రాలేదు. ఒంట్లో ఓపిక ఉంది. ఆదివారం కంటే దూరం తక్కువే, నిజమే. అయినా 1100 మీటర్లు ఎక్కాను, శక్తి దాచుకోకుండానే ఎక్కాను. తేడా తిండిదని అప్పుడు అర్థమైంది. ఖాళీ కడుపుతో ఐదు గంటలు తొక్కి, తేలిగ్గా పోవాల్సిన చోట కూడా పక్కవాడితో పోటీపడి తొక్కి, ఇంటికి ఒట్టి శరీరాన్ని తెచ్చి సోఫాలో పడేసేవాణ్ణి. దాన్ని కష్టపడటం అనుకున్నాను. రైడ్‌లో సరిగ్గా తిననందుకు ఆ రోజు మధ్యాహ్నమంతా మా ఇంట్లోవాళ్లు నష్టపోయేవారు.

ఇంటికొచ్చాక ఆదివారాన్ని మూడున్నర గంటలకి కుదించాను. శుక్రవారం గంట తీసేశాను. మొత్తం పదకొండు గంటలు. తేలిక రైడ్ అంటే మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలిగ్గానే, ఎవరు దాటిపోయినా సరే. ప్రతి గంటా తింటున్నాను. వాట్స్ కొంచెం తగ్గాయి, చాలా కాదు. పట్టికలో కొత్తగా ఒక గడి పెట్టాను, వచ్చాక ఎంతసేపు పడుకున్నానో రాయడానికి. మా ఆవిడ దాన్ని చూసి, ముందు ఆ పట్టిక మూసెయ్యమంది. ఇంకా మూయలేదు.

కొండ దిగిన ఆ మధ్యాహ్నం అవిన్యోన్‌లో నాలుగున్నర గంటలు నడిచాం. కోట మెట్లు ఎక్కుతుంటే తొడలు లాగాయి, అయినా ఎక్కాను. వంతెనకి ముగ్గురికీ టికెట్లు ఎక్కువే అనిపించాయి, పొద్దున్న తొక్కని ఆరు కిలోమీటర్ల అద్దె కూడా గుర్తొచ్చింది. పాప మా కంటే ముందు పరుగెత్తి, వంతెన తెగిపోయిన చోట కటకటాలు పట్టుకుని నిలబడింది. కింద రోన్ నది వేగంగా పోతోంది. అక్కడా అదే గాలి. తన జుట్టంతా మొహం మీదికి వస్తోంది.

"ఇక్కడి నుంచి ఆ ఒడ్డుకి ఎన్ని కమానులు ఉండాలి?"

"22లో నాలుగు పోతే?"

"పద్దెనిమిది" అంది వెంటనే. తర్వాత దాహమంది. బ్యాగులో ఉన్నది ఆ సీసానే. ఇచ్చాను. దాని మీద తన పేరు చూసుకుని, "పైన పెట్టలేదా?" అంది.

"లేదమ్మా. గాలి ఎక్కువగా ఉంది, వెళ్లలేకపోయాను."

కాసేపు ఆలోచించి, మూత తీసి, ఉన్న నీళ్లన్నీ తాగేసి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది.